రాజుగారి బాకీని విడగొడితే

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలడిగిన కథ అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒకటి, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు... అలా అరవై నాలుగు గడులూ నింపమన్నాడు. కొట్లు ఖాళీ అయ్యాయి, రాజు తెల్లమొహం వేశాడు, కథ కంచికెళ్లింది. మొత్తం గింజలు 18446744073709551615. రమారమి లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్లు. ఈ ఇరవై అంకెలనూ శరమంటే 5, గగనమంటే 0 అనే లెక్కన ఒక చంపకమాలలో ఇమిడ్చేశారు మనవాళ్లు. పావులూరి మల్లన గణితంలోనిదని చెబుతారు. ఒక్క అంకె జారకుండా, యతిప్రాసలు చెడకుండా! గింజల కుప్ప కన్నా నాకదే పెద్ద వింత.

కథ చెప్పేవాళ్లంతా ఇక్కడే ఆగిపోతారు. పెద్దదవడంలో ఏముంది గొప్ప? చివర ఒక సున్నా తగిలిస్తే ఏ సంఖ్యయినా పదింతలవుతుంది. దీని సొగసంతా లోపల ఉంది.

బల్లను అంచెలంచెలుగా నింపుకుంటూ పోదాం. రెండు గడుల్లో కలిపి 3 గింజలు. నాలుగు గడుల్లో 15, అంటే 3 × 5. ఎనిమిది గడుల మొదటి వరుసలో 255, అంటే ఆ 15కి 17 రెట్లు. రెండు వరుసలకు 65535. ఈసారి తగిలిన గుణకం 257. సగం బల్లకు 4294967295, తగిలింది 65537. గడులు రెట్టింపైనప్పుడల్లా పాత మొత్తానికి కొత్త గుణకం ఒకటి వచ్చి చేరుతుంది.

3, 5, 17, 257, 65537. అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరుస ఎంత దూరం సాగినా ప్రధాన సంఖ్యలే వస్తాయని 1640 ప్రాంతంలో ఫెర్మా నమ్మాడు. నిరూపణ మాత్రం తన దగ్గర లేదన్నాడు. బల్ల నిండాలంటే కావలసిన తర్వాతి గుణకం 4294967297. నమ్మకం సరిగ్గా అక్కడే బెడిసికొట్టింది. 1732లో ఆయిలర్ దాన్ని 641 × 6700417గా విడగొట్టేశాడు.

ఆ 641 గాలివాటుగా తగిలింది కాదు. 4294967297ను నిశ్శేషంగా భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, 64తో భాగిస్తే 1 మిగలాలి. ఆ నియమాన్ని ఆయిలరే తర్వాత నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అయిదే అయిదు భాగహారాలు! ఫెర్మా అంతటి లెక్కలరాయుడికి ఇది ఎలా తప్పిపోయిందా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే.

అయినా ఆ అయిదు ప్రధాన సంఖ్యలూ వృథా పోలేదు. 1796లో, ఇంకా పందొమ్మిదేళ్లు నిండని గౌస్, వృత్తలేఖినీ రూళ్లకర్రా మాత్రమే వాడి పదిహేడు సమాన భుజాల బహుభుజిని గీయవచ్చని తేల్చాడు. ఆ దారిలోనే, భుజాల సంఖ్య బేసి అయితే, ఈ వరుసలోని వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధమైనప్పుడే అలాంటి బహుభుజి గీతకు లొంగుతుందని తేలింది. అయిదింటినీ గుణిస్తే 4294967295. సగం బల్ల గింజలెన్నో, మనకు తెలిసిన అలాంటి బేసి భుజాల బహుభుజుల్లో అన్నిటికన్నా పెద్దదానికి అన్ని భుజాలన్నమాట. గీసే ఓపిక ఎవరికుంటుందన్నది వేరే సంగతి.

అంతకు మించింది కావాలంటే వరుసలో మరో ప్రధాన సంఖ్య తగలాలి. రెండు బల్లలు పక్కపక్కన పెట్టి 128 గడులు నింపితే వచ్చే గుణకాన్ని ఫ్రాన్స్‌లో లాండ్రీ 1880లో విడగొట్టి ప్రకటించాడు. 274177 అందులో ఒక ముక్క. ఆ తర్వాతివీ చాలానే పరీక్షించారు. ఒక్కటీ నిలబడలేదు.