మఠం గదుల్లో ఫ్రా ఆంజెలికో

ఫ్లోరెన్స్‌లో డేవిడ్ విగ్రహం చూడాలంటే వీధి పొడవునా బారులు తీరిన జనంతో పాటు నిలబడాలి. అక్కడికి కూతవేటు దూరంలోనే ఉన్న సాన్ మార్కో మఠంలో టికెట్ల దగ్గర నా ముందు ఇద్దరే ఉన్నారు. మధ్యాహ్నం రెండు కొట్టకముందే తలుపులు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు.

1436లో ఈ పాత కట్టడం డొమినికన్ సన్యాసుల చేతికొచ్చింది. ఊళ్లోకెల్లా పెద్ద షావుకారు కోసిమో మెడిచి డబ్బు పెడితే, వాస్తుశిల్పి మికెలోజ్జో దాన్ని కొత్తగా కట్టించాడు. గోడల మీద బొమ్మలు వేయడానికి మాత్రం బయటి మనిషి అక్కర్లేకపోయింది. ఫ్రా ఆంజెలికో ఆ సన్యాసుల్లోనే ఒకడు.

కింద హాల్లో నారబట్టల వర్తకుల సంఘం అతనితో చేయించుకున్న పెద్ద పటం ఉంది. చలువరాతి చట్రానికి నమూనా శిల్పి గిబెర్టిది. బంగారం, నీలం, వెండి మేలురకానివే వాడాలనీ, పనికి 190 బంగారు ఫ్లోరిన్లనీ, మనస్సాక్షి ఒప్పుకుంటే అంతకన్నా తక్కువే తీసుకోవాలనీ 1433 నాటి ఒప్పందంలో ఉంది. బేరమాడే పని కూడా చిత్రకారుడికే అప్పజెప్పారంటే గడుసు వర్తకులే! చట్రం చుట్టూ వాద్యాలు వాయించే దేవదూతలు ముద్దుగా ఉంటారు. నేను వాళ్ల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

మెట్లెక్కుతుంటే ఎదురుగా మంగళవార్త: యేసు పుడతాడని దేవదూత గబ్రియేలు మరియకు చెప్పే బొమ్మ. గబ్రియేలు రెక్కల మీద రంగురంగుల చారలు, వెనక పూలతోట. అందరూ ఫోన్లు తీసేది ఇక్కడే. దీని ముందు నుంచి వెళ్లేటప్పుడు మరియమ్మకు జపం చెప్పడం మరవొద్దని సన్యాసులకు ఒక హెచ్చరిక కూడా కింద రాసి ఉంది. నాకైతే మూడో నంబరు గదిలో ఉన్న మంగళవార్తే గొప్పది. అందులో తోట లేదు, పూలు లేవు. వంపు తిరిగిన తెల్లటి కప్పు కింద దూత, మోకరిల్లిన మరియ, ఒక వారగా తల మీద గాయంతో హతసాక్షి పునీత పీటరు. అంతే. నాలుగడుగులేస్తే అయిపోయే గది అది. ఆ గదిలో పడుకుని లేచే ఒక్క మనిషి కోసం వేసిన బొమ్మ. తడి సున్నం ఆరేలోగా రంగు అంటాలి గనుక ఏ రోజు పనికి ఆ రోజే పూత పూసుకోవాలి, దిద్దుకుందామంటే వీలుండదు. దూత అంగీ మీది లేత గులాబీ రంగులో ఆ తొందర ఎక్కడా కనిపించదు.

ఏడో గది వేరే లోకం. కళ్లకు గంతలతో క్రీస్తు కూర్చుని ఉంటాడు. కొట్టేవాళ్లకు ఒళ్లే లేదు: గాల్లో తేలే చేతులు, ఒక కర్ర, ఉమ్మేసే ఒక తల. ఆ తలే మర్యాదగా టోపీ ఎత్తుతోంది కూడా. గంత గుడ్డ ఎంత పల్చనంటే, మూసిన కనురెప్పలు అందులోంచి తెలుస్తాయి. కింద పునీత డొమినిక్ ఇవేవీ పట్టనట్టు పుస్తకంలో మునిగి ఉన్నాడు. హింసను చూపించకుండా తలపింపజేయడం ఎలాగో ఈ గోడ ముందు అర్థమవుతుంది. నలభైకి పైగా ఉన్న గదుల్లో చాలావాటిలో శిష్యుల చెయ్యి కూడా ఉంది, కొన్నిచోట్ల ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

కోసిమో తన కోసం ఒకటి కాదు, రెండు గదులు ఉంచుకున్నాడు. పై గదిలో ముగ్గురు జ్ఞానులు కానుకలతో బాలయేసు ముందు వంగిన బొమ్మ. డబ్బున్నవాడు ప్రార్థనకు ఎంచుకున్న కథ అది!

సాయంత్రం ఉఫిజీలో ఇదే చిత్రకారుడి మరియమాత కిరీటధారణ చూశాను. బంగారు పూత మీద గీసిన కిరణాలు మ్యూజియం దీపాల వెలుగులో ఒకేలా మెరుస్తున్నాయి. కొవ్వొత్తుల మంటలు కదిలే గుడిలో చూడాల్సిన బొమ్మ అది. సాన్ మార్కో గోడలకు ఆ ఇబ్బంది లేదు; ఏ కిటికీ పక్కన వేశాడో ఆ కిటికీ వెలుగే ఇప్పటికీ వాటి మీద పడుతోంది.