గరాజ్‌లో ఓ చిన్న ఆటోనగర్

షార్లెట్‌లో మా అన్నయ్య ఇంటికి పెద్ద గరాజ్ ఉంది. అందులో కారు మాత్రం ఉండదు. ఎండొచ్చినా వానొచ్చినా పాపం అది బయటే. లోపల ఒక పొడవాటి బల్ల, దానిమీద వంగిన దీపం, భూతద్దం, అరడజను సన్నటి ఆకురాళ్లు, సీసాల్లో జిగురు. గోడకి కొట్టిన చెక్క అరల మీద జానెడు పొడవైనా లేని కార్ల అస్థిపంజరాలు. నిజంగా అస్థిపంజరాలే! డోర్లుండవు, బానెట్ ఉండదు, రంగూ హంగూ ఏమీ ఉండవు. వట్టి ఛాసిస్‌లు. వయసు నలభై రెండు, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు... శనివారం వస్తే చాలు, ఇదీ మావాడి లోకం.

2023 వేసవిలో నాన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. అమ్మ పోయాక ఆయన ఇల్లు కదలడం అదే మొదటిసారి. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఎనిమిదేళ్లు లారీ బాడీలు కట్టిన వెల్డర్ మా నాన్న. అన్నయ్య ఉత్సాహంగా లైటు వేసి అరలన్నీ చూపించాడు. నాన్న ఒక ఛాసిస్ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టేశారు. 

‘‘ఇందుకేనా నిన్ను చదివించింది?’’ అని మేడమీదికి వెళ్లిపోయారు.

ఆ మాట వెనక మా ఇంటి చరిత్ర కొంత ఉంది. ఇంటర్‌లో ఒక సబ్జెక్టు పోయినప్పుడు అన్నయ్య, నేనూ షెడ్డుకొస్తానన్నాడు. నాన్న ఎప్పుడూ చెయ్యెత్తని మనిషి, ఆరోజు కొట్టారు. రాత్రిళ్లు కళ్లలో ఇసుక పోసినట్టుందని ఆయన మూలుగుతుంటే అమ్మ బంగాళాదుంప చెక్కలు తరిగి కళ్లమీద పెట్టేది. ఆ బాధ పిల్లలకొద్దనే కొట్టారని అనుకున్నాం. అలాగే అనుకుంటూ పాతికేళ్లు గడిపాం.

ఇంతకీ ఆ అస్థిపంజరాలు వేటివి? అమెరికాలో స్టాక్ కార్ రేసింగ్ అని ఒకటుంది. మద్యనిషేధం రోజుల్లో అపలాచియన్ కొండల్లో దొంగసారా మోసేవాళ్లు పోలీసుల్ని తప్పించుకోవడానికి మామూలు కార్లకే మెరుగులు దిద్దుకుని దౌడు తీయించేవారు. ఆ పనితనంలోంచి పుట్టిన పందేలకు 1948లో నాస్కార్ అనే సంస్థ ఒక పద్ధతి తెచ్చింది. మైలుకన్నా చిన్న ట్రాక్‌లో జరిగితే అది షార్ట్ ట్రాక్. అన్నయ్య వెళ్లే విన్‌స్టన్ సేలమ్‌లోని బౌమన్ గ్రే స్టేడియం మరీ చిన్నది, పావు మైలు. అంటే మన స్కూళ్లలో పరుగుపందేలు పెట్టే నాలుగొందల మీటర్ల చుట్టు ఎంతో అంత! మధ్యలో ఫుట్‌బాల్ మైదానం, చుట్టూ కార్లు. 1949 నుంచీ నాస్కార్ పందేలు అక్కడ జరుగుతున్నాయి. ఒక శనివారం నన్నూ తీసుకెళ్లాడు. చెవుల్లో దూది పెట్టుకున్నా గంటసేపు గుండె అదిరింది. నిజం చెప్పొద్దూ, నాకైతే పక్కసీటు తాతగారి కేరింతలే బాగున్నాయి.

ఈ కార్లు ఎడమవైపే తిరుగుతాయి. కాబట్టి ఛాసిస్‌లో రెండు పక్కలూ ఒకలా ఉండనక్కర్లేదు. మలుపులో బరువు కుడివైపుకి తోసుకొస్తుంది. అందుకని ఇంజిను, డ్రైవరు సీటు, అన్నిటినీ నియమాలు ఒప్పుకున్నంత మేర ఎడమకు జరుపుతారు. వెనక కుడి టైరు చుట్టుకొలత ఎడమదానికన్నా కాస్త ఎక్కువ. టీ గ్లాసుని నేలమీద దొర్లించి చూడండి, తిన్నగా పోదు, గుండ్రంగా తిరుగుతుంది. అదే కిటుకు.

అంగట్లో దొరికే కిట్లు ఎక్కువగా పెద్ద ట్రాక్‌ల కార్లవి. షార్ట్ ట్రాక్ కారు కావాలంటే ఛాసిస్ మొత్తం సొంతంగా కట్టుకోవాల్సిందే. దాంట్లో ఎంత చాకిరీ ఉందో అక్కడ కూర్చుంటేగానీ తెలియలేదు. అమెరికన్ కిట్లలో కొన్ని అసలు కారులో 24వ వంతు, కొన్ని 25వ వంతు. ఆ కాస్తకే ఏమవుతుందిలే అన్నాను. అన్నయ్య కాగితం తీశాడు. మోడిఫైడ్ అనే రకం కారులో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 107 అంగుళాలు. 24వ వంతైతే 113 మిల్లీమీటర్లు, 25వ వంతైతే 109కి కాస్త తక్కువ. ఒక కిట్ ఇంజిను ఇంకో కొలత ఛాసిస్‌లో పెడితే, తమ్ముడి చొక్కా అన్న వేసుకున్నట్టే! డ్రైవరు చుట్టూ ఉండే పంజరం గొట్టాలు అసలు కారులో ఒకటిముప్పావు అంగుళాల లావు. ఇక్కడ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండవు. ప్లాస్టిక్ కడ్డీ చివరను చేపనోరులా ఆకురాయితో అరగదీస్తేనే రెండో కడ్డీ గుండ్రానికి అతుక్కుంటుంది. ఆ జిగురు అంటించే రకం కాదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెంటినీ ఒకటి చేస్తుంది. అంటే అదీ వెల్డింగే. అన్నయ్య నాతో ఆ ముక్క అన్నాడుగానీ నాన్నతో అనే ధైర్యం చెయ్యలేదు.

నాలుగు రోజులు ఇద్దరి మధ్యా మాటల్లేవు. అయిదో రోజు పొద్దున్నే నేను కాఫీతో గరాజ్‌లోకి వెళ్తే, నాన్న బల్ల దగ్గర కూర్చుని భూతద్దం కింద రెండు ఛాసిస్‌లు పెట్టుకుని చూస్తున్నారు. అన్నయ్య తలుపు దగ్గర బడిపిల్లాడిలా నిలబడ్డాడు.

‘‘ఈ రెండిట్లో ఇది ముందుది, అది తర్వాతది. అవునా?’’ అన్నారు నాన్న.

అవును. రెండూ మోడిఫైడ్ కార్లవే. మొదటిదాంట్లో పక్క కమ్మీలు ముందునుంచి వెనకదాకా గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి. రెండోదాంట్లో మధ్యలో మెట్టులా ఒక వంపు ఉంది. ఒక ముసలి మెకానిక్ తన షెడ్డు వెనక తుప్పుపడుతున్న పాత ఫ్రేమ్‌కి టేపు పెట్టి కొలుచుకోనిస్తే, ఆ కొలతలతో కట్టింది మొదటిది.

ఆ వంపు కథ అన్నయ్య చెప్పాడు. మోడిఫైడ్ పందేల్లో రిచీ ఎవాన్స్ అంటే మహారాజు. తొమ్మిదిసార్లు జాతీయ చాంపియన్. ఆరెంజ్ రంగు కారు, 61 నంబరు. 1985 అక్టోబరులో వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ ట్రాక్‌లో ప్రాక్టీసు చేస్తూ గోడకు గుద్దుకుని చనిపోయాడు. వయసు 44. ఆ దశాబ్దంలోనే ఇంకొందరు మోడిఫైడ్ డ్రైవర్లూ పోయారు. ఫ్రేమ్ మరీ బిగువుగా ఉందని, అది నలగకపోవడంతో దెబ్బంతా లోపలి మనిషికి తగులుతోందని అనుమానం వచ్చింది. తర్వాత నాస్కార్ తిన్నటి కమ్మీలు మాన్పించి, గట్టి దెబ్బకు వంగేలా మెట్టు పెట్టించింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అన్నయ్య వైపు చూడకుండా చెప్పారు.

‘‘నువ్వు ఇంటర్ చదివేటప్పుడు ఒక ఓనరు బండి తెచ్చాడు. ఇసుక ఎక్కువ వెయ్యాలి, చాసీ లోపల పట్టీ వేసి బిగించమన్నాడు. వద్దంటే ఇంకో షెడ్డుకి పోతానన్నాడు. వేశాను. రెండు నెలలకి చెట్టుకి కొట్టింది. బండి నా దగ్గరికే తెచ్చారు. చాసీ వంగలేదురా. క్యాబినే లేదు. డ్రైవరు కుర్రాడు... మన షెడ్డు దగ్గరే టీ తాగేవాడు. నా పట్టీ వల్లో కాదో నాకు తెలీదు. ఎవరూ అడగలేదు. ఆ వారంలోనే నువ్వొచ్చి షెడ్డుకొస్తానన్నావు.’’

జర్నలిజం డిప్లొమాలో ఎదుటివాళ్లు ఆగినప్పుడు మనం ఏ ప్రశ్న వెయ్యాలో నేర్పారు. నాకేదీ గుర్తురాలేదు. కాఫీ చల్లారిపోయింది. అన్నయ్య వచ్చి పక్కన ఇంకో కుర్చీ వేసుకున్నాడు. ఏం మాట్లాడతాడో అనుకున్నాను. ‘‘నాన్నా, ఈ మూల అతుకు నాకు ఎన్నిసార్లు చేసినా పగిలిపోతోంది’’ అన్నాడంతే.

‘‘మూలలో చిన్న ముక్కోణం బిళ్ల వెయ్యి. అసలు బండిలో వేసే ఉంటారు, నువ్వు చూసుండవు’’ అన్నారు నాన్న. ఆ శనివారమే అన్నయ్య ఆ ముసలాయన షెడ్డుకెళ్లి తుప్పు గీకి చూశాడు. బిళ్ల ఉంది.

ఆ తర్వాత మేమున్న నెలరోజులూ నాన్న కూర్చున్నది గరాజ్‌లోనే. చెయ్యి వణుకుతుంది, అందుకని జిగురు పని అన్నయ్యది, అరగదీసే పని నాన్నది. ఎన్ని కడ్డీలు పాడుచేశారో లెక్కలేదు. వదిన మాత్రం కారు లోపల పెట్టుకునే యోగం ఇక లేదని తేల్చేసుకుంది. మెట్టు ఉన్న ఛాసిస్‌ని వచ్చేటప్పుడు అన్నయ్య దూది చుట్టి స్వీటు డబ్బాలో పెట్టి ఇచ్చాడు. తిన్నటిది కూడా ఇమ్మని నాన్న అడిగారు. రెండూ ఇప్పుడు మా ఇంట్లో టీవీ పక్కన ఉన్నాయి. చూసినవాళ్లు మనవడి బొమ్మలా అని అడుగుతారు. నాన్న తల ఊపుతారు.

మొన్న ఆదివారం అన్నయ్య కొత్తది మొదలుపెట్టి ఫొటో పంపాడు. నాన్న ఫోను ముక్కుకి ఆనించుకుని, వేళ్లతో పెద్దది చేసుకుని, పావుగంట చూశారు. తర్వాత నాకిచ్చి, ‘‘ఎడమపక్క మూడో అతుకు సరిగ్గా కూర్చోలేదని రాయి’’ అన్నారు.