వసారాలో ముగ్గు టైల్స్

పోయిన సంక్రాంతికి మా అత్తయ్యగారు వసారాలో ముగ్గు మొదలుపెట్టి సగంలో లేచిపోయారు. లేచిపోయారు అనడం కూడా తప్పే, నేనూ మా పాపా చెరో చెయ్యీ పట్టుకుని లేపాం. మోకాళ్ళు. కింద కూర్చోవద్దని డాక్టరుగారు అంతకుముందే చెప్పారు. మిగతా సగం నేను పూర్తి చేశాను. నా వంకర గీతలు చూసి ఆవిడ ఒక్క మాట అనలేదు. ఏదో ఒకటి అనుంటేనే బాగుండేది.

అందుకే పాత నాపరాళ్ళు తీసేసి టైల్స్ వేయిద్దాం అనుకున్నప్పుడు ముగ్గు డిజైను ఉన్నవే వెతికాను. ఒకే రకం పలకని నాలుగు వైపులకీ తిప్పి పెడితే ఒక పద్మం వస్తుంది. అడుగుకి అడుగు సైజు, సిరామిక్, మ్యాట్ రకం. షాపులో ముందు మెరిసేవే చూపిస్తారు. వాన జల్లు కొట్టే చోట అవి వేస్తే పెద్దవాళ్ళు జారిపడతారు, మొహమాటపడకుండా వద్దని చెప్పేయండి. పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని చూసుకుని, విరిగేవాటితో కలిపి 80 తెచ్చాం. అంచుకి ఎర్రవి వేరే.

ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. పెట్టె విప్పి చూపిస్తే పలక మీద చెయ్యి పెట్టి నిమిరి, "బాగుందమ్మా. ఇంక ముగ్గుతో పనిలేదన్నమాట" అన్నారు. ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. "పెద్దవాళ్ళు అంతేలే" అన్నారు మావారు. ఆయనకేం, అనేసి పడుకున్నారు.

మేస్త్రి వచ్చిన రోజు అత్తయ్యగారు గుమ్మం లోపల కుర్చీ వేయించుకున్నారు. అతను గోడ మూల నుంచి నిండు పలకలు పరుచుకుంటూ పోయి, చివర్లో కోసి సర్దుదామనుకున్నాడు.

"ఆగు నాయనా. అలా అయితే ఆ చివర పువ్వు తెగిపోతుంది. నడిమి నుంచి రా."

మా వసారా 13 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. పదమూడు చుక్కలు, ఏడు వచ్చేదాకా అన్నట్టు! ముగ్గులో నడిమి వరుస ముందు పెట్టుకుని అటూ ఇటూ తగ్గించుకుంటూ పోతాం కదా, ఆవిడ లెక్క అదే. మేస్త్రి ముందు నవ్వాడు. తర్వాత మధ్యలో దారం పట్టి, సిమెంటు లేకుండా రెండు వరుసలు ఉత్తినే పేర్చి చూసుకున్నాడు. పొడవున ఆరు పద్మాలు, వెడల్పున మూడు, చుట్టూ అరడుగు ఎర్ర అంచు. ఎక్కడా పువ్వు తెగలేదు.

ఇక పలకల్ని తొట్టిలో నానేశారు. పొడిగా అతికిస్తే సిమెంటులో నీళ్ళు అవే పీల్చేసుకుంటాయట, పట్టు ఉండదట. బుడగలు ఆగేదాకా నానాలి.

మధ్యాహ్నం నేను టీ పెడుతుంటే మళ్ళీ ఆవిడ గొంతు వినబడింది. రెండో పద్మంలో ఒక పలక తిప్పడం మరిచిపోయారు, రేకు బయటికి చూస్తోంది. అంతా అయిపోయి గ్రౌట్ పెట్టాక కూడా నాకైతే కనబడేది కాదు. సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి తాపీతో లేపి సరిచేశాడు.

సాయంత్రానికి గడప వైపు వరుస మిగిలింది.

"ఇక్కడ రెండు పువ్వులు వెయ్యకు. ఖాళీగా వదిలెయ్యి" అన్నారు ఆవిడ.

"ఖాళీ అంటే ఎలాగమ్మా?" అని మేస్త్రి నా వైపు చూశాడు.

"ముగ్గుకి" అన్నారు, నా వైపు చూడకుండా.

అంచు కోసం తెచ్చినవాటిలో మిగిలిన ఎర్ర పలకలు ఎనిమిది వేయించాను.

"ఎలా వేస్తారత్తయ్యా, వంగకూడదు కదా?"

"నేను చెప్తాను, నువ్వు వెయ్యి."

రెండు రోజులు ఎవరూ తొక్కకుండా బెంచీ అడ్డం పెట్టి, దొడ్డిదారిన తిరిగాం. మూడో రోజు మేస్త్రి తాపీ పిడితో ప్రతి పలకనీ కొట్టి చూశాడు. డొల్ల మోగిన రెండు పలకలు మళ్ళీ వేశాడు.

ఇప్పుడు పొద్దున్నే నేను పిండి డబ్బా పట్టుకుంటే ఆవిడ కుర్చీలో కూర్చుంటారు. ఏడు చుక్కలే, అంతకన్నా నా వల్ల కాదు. నిన్న నాలుగో చుక్క దగ్గర "అటు కాదే అమ్మాయ్, సందులోంచి తిప్పు" అని గట్టిగానే అరిచారు. తుడిచేసి మళ్ళీ వేశాను.