బావి గట్టు మీద పాదం

సాగర సంగమం సినిమాలో నాట్యకారుడు బాలు ఎలాంటి మనిషో నాకు పూర్తిగా తెలుసని పదేళ్ళపాటు నమ్మాను. ఆ నమ్మకంతోనే మా తమ్ముడి సంగతి కూడా తేల్చేశాను. బాలు విషయంలో పొరబడితే పోయేదేం లేదు, అతను సినిమాలో మనిషి. తమ్ముడి విషయంలో పొరబడినందుకు వాడి బతుకులో తొమ్మిదేళ్ళు పోయాయి.

2009లో మా ఆఫీసులో రెండు రోజుల ట్రైనింగ్ పెట్టారు. తొంభై మూడు ప్రశ్నలకు టిక్కులు కొట్టి ఇస్తే, చివర్లో నాలుగు ఇంగ్లీషు అక్షరాలు చేతికిచ్చారు. ఐ, ఎన్, ఎఫ్, పి. నీది లోపలికి చూసుకునే స్వభావం, ఊహ ఎక్కువ, మనసుకు సరిపడకపోతే ఏ పనీ చెయ్యలేవు, పద్ధతి ప్రకారం పనులు నడిపించడం నీకు కష్టం అన్నారు. నాకప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళుగా నాలో నేను తప్పులనుకున్నవాటికి ఒక పేరుందని తెలిసి, ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను.

ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాను. దీనికంతటికీ మూలం మనస్తత్వవేత్త కార్ల్ యూంగ్ 1921లో జర్మన్ భాషలో అచ్చువేసిన సైకలాజికల్ టైప్స్. ఆయన లెక్కలో మనసు చేసే పనులు నాలుగు. లోకాన్ని తెలుసుకోవడానికి రెండు దారులు: ఇంద్రియాలు, స్ఫురణ. తెలుసుకున్నదాని మీద తీర్పు చెప్పడానికి మరో రెండు: ఆలోచన, ఫీలింగ్. ఒక్కొక్కటీ బయటి ప్రపంచం వైపు తిరిగి ఉండొచ్చు, లోపలికీ తిరిగి ఉండొచ్చు. అలా ఎనిమిదయ్యాయి. ప్రతి మనిషిలోనూ వీటిలో ఒకటి ముందుండి నడిపిస్తుంది, ఇంకొకటి దానికి తోడు నిలుస్తుంది. ముందున్నదానికి సరిగ్గా ఎదురుగా ఉండేది అన్నిటికన్నా వెనకబడి ఉంటుంది. అమెరికాలో కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ఈ ఆలోచనను పట్టుకుని ప్రశ్నపత్రం తయారుచేశారు, పదహారు రకాల మనుషుల్ని లెక్కగట్టారు. ఇసబెల్ మనస్తత్వశాస్త్రం కాలేజీలో చదివిన మనిషి కాదు, అంతకుముందు డిటెక్టివ్ నవల రాసింది. నాకది నచ్చింది. ఆధారాలు పోగుచేసుకుంటూ వెళ్తే మనిషి గుట్టు దొరుకుతుందని నేనూ నమ్మాను.

నా నాలుగు అక్షరాల ప్రకారం నన్ను నడిపించేది లోపలికి తిరిగిన ఫీలింగ్. తోడుండేది బయటికి తిరిగిన స్ఫురణ. బాగా వెనకబడినది బయటికి తిరిగిన ఆలోచన, అంటే లెక్కలు, ప్రణాళికలు, మనుషులతో పని చేయించుకోవడం.

సాగర సంగమం విడుదలైన 1983లో నాకు పన్నెండేళ్ళు. తెనాలిలో అమ్మతో కలిసి చూశాను. ఈ అక్షరాలు చేతికొచ్చాక మళ్ళీ చూస్తే, బాలు నా మనిషేననిపించింది. సినిమా డాన్సుల్లో ఇమడలేకపోయాడు. ఢిల్లీలో నాట్యోత్సవానికి పిలుపొస్తే, సరిగ్గా అప్పుడే తల్లి పోయింది, ఆడలేకపోయాడు. ప్రేమించిన మాధవికి పెళ్ళయిందని తెలిసి, ఆ భర్తతోనే పంపించేశాడు. తాగుడికి బానిసయ్యాడు. అవకాశం తెచ్చిపెట్టడానికి ఒక మాధవి కావాలి, కింద పడితే లేపడానికి రఘు లాంటి స్నేహితుడు ఒకడు కావాలి. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని, ఫీలింగ్ మనిషి, కలల మనిషి, లెక్కలు చేతకాని మనిషి అని తేల్చాను. ఎవరితోనైనా ఈ మాట వచ్చిందంటే గంటసేపు వాదించేదాన్ని.

ఇందులో నేను చేసిన మొదటి పొరపాటు భాష దగ్గరే ఉంది. మన తెలుగులో ఫీలవడం అంటే నొచ్చుకోవడం. వాడు ఫీలయ్యాడు అంటే మనసు కష్టపెట్టుకున్నాడని అర్థం. యూంగ్ ఆ మాట వాడింది విలువ కట్టడం అనే అర్థంలో. ఇది నాకు తగునా, తగదా అని లోపల తూచుకునే పని అది. దానికీ కన్నీళ్ళకూ సంబంధం లేదు. ఒక్క కన్నీటిబొట్టు రాల్చకుండా ఆ పనిలో ఆరితేరినవాళ్ళు ఉంటారు. నేను మాత్రం బాలు ఎంత ఏడిస్తే అంత ఫీలింగ్ మనిషని లెక్కేసుకున్నాను.

అదే కాగితం మీద మా తమ్ముణ్ణీ చేర్చాను.

వాడు బోర్డు ఆర్టిస్టు. తెనాలి బోస్ రోడ్డులో ఒకప్పుడు సగం షాపుల పేర్లు వాడు రాసినవే. స్కేలు పెట్టకుండా రాసినా అక్షరానికీ అక్షరానికీ మధ్య వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మాట తక్కువ. పొద్దున్నే కుంచెలు పట్టుకుని వెళ్ళేవాడు, రాత్రి టర్పెంటైన్ వాసనతో వచ్చేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక రెండు మూడేళ్ళలో ఆ పని మొత్తం పోయింది. 2010లో ఒకరోజు హైదరాబాదులో మా ఇంటికొచ్చాడు.

"అక్కా, ఫ్లెక్సీ మిషను కొందామనుకుంటన్నా. బ్యాంకోళ్ళు జీతగాళ్ళ షూరిటీ అడుగుతున్నారు. నువ్వు సంతకం పెడితే చాలు" అన్నాడు.

నేను కాసేపైనా ఆలోచించలేదు. ఆలోచన అప్పటికే అయిపోయి ఉంది, కాగితం మీద. "ఒరేయ్, నువ్వు ఆర్టిస్టువిరా. బాకీలు వసూలు చేసుకోవడం, వాయిదాలు కట్టడం నీవల్ల కాదు. అందులో దిగితే మునిగిపోతావు" అన్నాను. వాడికి బాలు గురించి కూడా చెప్పినట్టు గుర్తు. ప్రేమతోనే చెప్పాను. వాణ్ణి కాపాడుతున్నాననే అనుకున్నాను. వాడు తల వంచుకుని అన్నం తిన్నాడు. రాత్రి రైలుకి వెళ్ళిపోయాడు. మర్నాడు అమ్మకు ఫోన్ చేసి, వాడు కళాకారుడమ్మా, వ్యాపారంలోకి తోయకు అన్నాను. అమ్మ నా మాట నమ్మింది, చదువుకున్నదాన్ని కదా.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు వాడు వేరేవాళ్ళ ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు నెలజీతానికి కూర్చున్నాడు.

2019లో అమ్మ పోయింది. పెద్దకర్మ అయ్యాక అటక మీది సామాను దించుతుంటే ఒక రేకు పెట్టె బయటపడింది. నాన్న రసీదులేమో అనుకుని తెరిస్తే పదకొండు నోటుపుస్తకాలు కనిపించాయి. అన్నీ తమ్ముడివి. రాసిన ప్రతి బోర్డూ అందులో ఉంది. బట్టల షాపు, పన్నెండు బై నాలుగు, నలభై ఎనిమిది చదరపు అడుగులు. ఎర్ర ఎనామిల్ లీటరు, తెల్లది అర లీటరు. అడ్వాన్సు ఇంత, బాకీ ఇంత, వసూలైన తేదీ. బాకీ ఎగ్గొట్టినవాళ్ళ పేర్ల పక్కన చిన్న చుక్క. చుక్క పడిన పేరు మళ్ళీ ఏ పేజీలోనూ రాలేదు. పదకొండు పుస్తకాల్లోనూ ఒక్క కొట్టివేత లేదు.

ఆఖరి పుస్తకం వెనక అట్ట వైపు నుంచి మొదలుపెట్టి ఆరు పేజీల లెక్క ఉంది. మిషను ధర, ఇంకు, కరెంటు, అద్దె, ఒక కుర్రాడి జీతం. చదరపు అడుక్కి ఎంత ఖర్చు, రోజుకి ఎన్ని అడుగులు పడితే వాయిదా వెళ్తుంది, వానాకాలంలో ఎన్ని తగ్గుతాయి, ఎన్నికలొస్తే ఎన్ని పెరుగుతాయి. పైన తేదీ 2010. వాణ్ణి పిలిచి చూపించాను.

"ఇది నాకెందుకు చూపించలేదురా?"

"ఆ రోజు సంచిలోనే ఉందక్కా. నువ్వు అడగలా."

పెట్టె మూసేశాను. ఆ రోజు ఇక వాడి మొహం చూడలేకపోయాను.

రెండ్రోజుల తర్వాత రాత్రి టీవీలో సాగర సంగమం వచ్చింది. ఇద్దరం నేల మీద కూర్చుని చూశాం. నేను నోరు విప్పలేదు, తమ్ముడే మాట్లాడాడు. తన నాట్యాన్ని విమర్శించాడని నాట్యకారిణి శైలజ పత్రికాఫీసుకి వచ్చి నిలదీసినప్పుడు బాలు ఆమె తప్పిన అభినయాన్ని వేర్వేరు నాట్యరీతుల్లో చేసి చూపిస్తాడు కదా, అక్కడ అన్నాడు: "చూడు, నోటితో చెప్పట్లా. చేసి చూపిస్తన్నాడు. మేమూ అంతే. అక్షరం ఎందుకు బాలేదంటే చెప్పలేం. పక్కన ఇంకోటి రాసి చూపిస్తాం." తర్వాత వానలో, తాగి, బావి గట్టు మీద ఆడే ఘట్టం. నేను అన్నేళ్ళూ అక్కడ పతనాన్ని చూశాను, దుఃఖాన్ని చూశాను. తమ్ముడు కాలు చూశాడు. "తాగినోడి కాలు కాదక్కా అది. మెదడు తాగింది, కాలు తాగలా" అన్నాడు.

నేను పోగుచేసిన ఆధారాల్లో ఆ పాదం లేదు. పెళ్ళివారి వంటశాలలో, వంటలు చేసే తల్లి పక్కన, బయట వేదిక మీద వేరొకరు ఆడుతుంటే తనలో తాను ఆడుకునే ఒళ్ళు లేదు. వానకి మాధవి నుదుటి కుంకుమ కరిగిపోతుందని అడ్డుపెట్టిన చెయ్యి లేదు. ఆ క్షణంలో అతను ఏదీ ఊహించడు, పోల్చడు. చినుకు కనబడింది, చెయ్యి లేచింది. అది స్ఫురణ చేసే పని కాదు. యూంగ్ మాటల్లో చెప్పాలంటే బయటికి తిరిగిన ఇంద్రియజ్ఞానం అది, ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు పట్టుకుని ఒంటితో బదులివ్వడం. నడిపించేది లోపలి విలువే, సందేహం లేదు. మాధవిని పంపించెయ్యడంలోనూ, సినిమా డాన్సులు వదులుకోవడంలోనూ అదే ఉంది. తోడు నిలిచింది మాత్రం స్ఫురణ కాదు. నా లెక్కలో ఒక అక్షరం తప్పు, స్ఫురణకు గుర్తైన ఎన్ ఉన్నచోట ఇంద్రియాలకు గుర్తైన ఎస్ ఉండాలి. అది ఎందుకు తప్పిందో ఇప్పుడు తెలుసు. అక్కడ నా అక్షరాన్ని పెట్టుకున్నాను. నన్ను నేను ప్రేమించుకోవడానికి బాలుని వాడుకున్నాను.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. సినిమాలో మనిషికి రకం కట్టడంలో అసలు చిక్కు వేరే ఉంది. బాలుకి మనసిచ్చింది దర్శకుడు విశ్వనాథ్, మాటలిచ్చింది జంధ్యాల, పాడిన గొంతు బాలసుబ్రహ్మణ్యంది, ఒళ్ళు కమల్ హాసన్‌ది. అప్పటికి కమల్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు, నటుడిగా నిలదొక్కుకోకముందు డాన్స్ డైరెక్టర్ల దగ్గర పనిచేసినవాడు. నేను బాలుదనుకుంటున్న ఆ పాదం కమల్‌దేమో. ఇంతమంది కలిసి చేసిన మనిషిని నాలుగు అక్షరాల్లో కూర్చోబెట్టగలనని ఎలా అనుకున్నానో! యూంగే 1934లో తన పుస్తకానికి రాసిన ముందుమాటలో, మనుషుల్ని ఇలా గదుల్లో సర్దడం పిల్లల ఆట లాంటిదని విసుక్కున్నాడు. ఆ ముందుమాట నేను మొదటి ఏడాదే చదివాను. కింద గీత కూడా గీసుకున్నాను. అది నన్ను ఉద్దేశించి రాసిందని మాత్రం తట్టలేదు.

అంతకన్నా సిగ్గుపడేది మరొకటుంది. చిన్నప్పుడు నాలుగేళ్ళు కూచిపూడి నేర్చుకున్నాను. అష్టవిధ నాయికల పేర్లు నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. స్వాధీనపతిక, వాసకసజ్జిక, విరహోత్కంఠిత, విప్రలబ్ధ, ఖండిత, కలహాంతరిత, ప్రోషితభర్తృక, అభిసారిక. వీటిని అవస్థలంటారు. ఎనిమిది మంది ఆడవాళ్ళని అర్థం కాదు. ఇవాళ అలంకరించుకుని ఎదురుచూసే ఆమే రేపు కోపంతో తలుపేసుకుంటుంది, ఎల్లుండి పశ్చాత్తాపపడుతుంది. మా మాస్టారు ఈ సంగతి చెప్పి చెప్పి అలిసిపోయేవారు. ఇంత తెలిసి ఉండి, తల్లిని పోగొట్టుకున్నవాడి అవస్థను అతని స్వభావమని రాసుకున్నాను. పని పోయి, తల వంచుకుని నా ఎదుట కూర్చున్న తమ్ముడి అవస్థను వాడి స్వభావమనుకుని సంతకం పెట్టకుండా పంపేశాను.

ఆ విద్య మొత్తం వట్టిదని చెప్పను. యూంగ్ ఎనిమిది పనుల లెక్క నాకు చూడటం నేర్పింది. ఒక మనిషి దేన్ని ముందు గమనిస్తాడు, దేనితో తీర్పు చెబుతాడు అని విడివిడిగా అడిగే అలవాటు దానివల్లే వచ్చింది. ప్రశ్నపత్రం సంగతి వేరు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారుతుంది. నాకూ మారింది. వెనకబడిన పని అంటే చేతకాని పని అని కూడా యూంగ్ అనలేదు, అది మన ఎరుకకు దూరంగా ఉంటుందన్నాడు, అంతే. ఇక మా తమ్ముడి విషయంలో ఆ పని వెనకబడినదో కాదో కూడా నాకు తెలియదు. పదకొండు పుస్తకాలు చూశాక వాడికి ఏ అక్షరాలూ పెట్టలేదు.

సినిమా అయిపోయాక చాలాసేపు అలాగే కూర్చున్నాం. "ఇప్పుడైనా మిషను తీసుకోరా, సంతకం నేను పెడతాను" అన్నాను.

"ఇప్పుడు ఊళ్ళో పధ్నాలుగు మిషన్లున్నాయక్కా" అన్నాడు వాడు. "అప్పుడు రెండే ఉండేవి."

లేచి టీవీ కట్టేశాడు. రేకు పెట్టె తీసుకెళ్ళి మళ్ళీ అటక మీద పెట్టాడు.