సాయంత్రం బడి

మన కాలేజీ నుంచి కాజీపేట పోయే దారిలో ఓ బస్తీ వెనక ఖాళీ జాగా ఉంది. సెకండియర్‌లో నేనూ, ముగ్గురు ఫ్రెండ్సూ అక్కడ సాయంత్రం బడి పెట్టాం. బడంటే పెద్దగా ఏం లేదు, గంట క్రికెట్, గంట చదువు. మొదట్లో చదువు ముందు పెడితే ఎవరూ రాలేదు. ఆట ముందుకు జరిపాం, జాగా నిండిపోయింది.

వాళ్ళలో పన్నెండేళ్ల వాడొకడు. పేరు రాయను. మూడో తరగతిలో బడి మానేసి బండ్ల రిపేరు షెడ్డులో పనికి కుదిరాడు. చేతులకు ఎప్పుడూ గ్రీజే. తీసివేతలు రావనేవాడు గానీ, బాల్ చేతిలో పట్టుకునే "ఇంక పదిహేను బాల్స్‌ల ఇరవై రెండు గావాలె వాళ్ళకు" అని లెక్క చెప్పేవాడు. వాణ్ణి చూసి మాకు భలే గర్వం. స్టేటస్‌లో ఫోటోలు కూడా పెట్టుకున్నాం.

ఓ రోజు బండి సర్వీసింగ్‌కి అదే షెడ్డుకి పోయాను. ఓనరు చేతులు తుడుచుకుని నమస్తే పెట్టాడు. "మంచి పని చేస్తున్నరు సార్. పొద్దంతా నా కాడ పని, పొద్దుగూకినంక మీ కాడ చదువు. పోరనికి ఇంకేం గావాలె?" పైసలూ తక్కువే తీసుకున్నాడు. నేను సంతోషంగా వచ్చేశా.

తర్వాత ఎన్‌.ఎస్‌.ఎస్‌. రిపోర్టు కోసం ఎం.వి. ఫౌండేషన్ గురించి చదివాను. ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్యోద్యమ చరిత్రను సంపుటాలుగా కూర్చిన మామిడిపూడి వెంకటరంగయ్య గారి పేరు మీద 1981లో మొదలైన సంస్థ అది. తాత పేరు నిలబెట్టాలంటే మనమైతే విగ్రహం పెట్టి ఏటా ఓ దండ వేస్తాం. ఆయన మనవరాలు శాంతా సిన్హా మాత్రం 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిలో ఉన్న పిల్లల్ని బడిబాట పట్టించారు. 2003లో మెగసెసే వచ్చింది. వాళ్ళ బ్రిడ్జి క్యాంపుల్లో పిల్లలు అక్కడే ఉండి, చదువుకు అలవాటు పడి, వయసుకు తగ్గ తరగతిలో చేరతారు. ఇదంతా బాగుంది. గుచ్చుకున్న మాట వేరే. రాత్రి బడులు వాళ్ళు ఒప్పుకోరు. పగలు బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికుల లెక్కే అంటారు. పొద్దుగూకాక చదువు చెబితే పగటి పనికి మనమే దారి ఇచ్చినట్టు.

ఓనరు నమస్తే ఎందుకు పెట్టాడో అప్పుడు తెలిసింది.

బడికి పోతావా అని అడిగితే వాడు రెండు వారాలు నోరు విప్పలేదు. ఓ రోజు ఆటయ్యాక గట్టు మీద కూర్చుని, నేల చూస్తూ, "మూడో తరగతి పోరగాండ్ల పక్కన కూసోవాల్నా అన్నా?" అన్నాడు. అదీ వాడి భయం. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలని 2010 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం చెబుతోందన్నాను. వాళ్ళమ్మ భయం మాత్రం వారం వారం వచ్చే కూలి పైసలది. దానికి నా దగ్గర ఏ చట్టమూ లేదు. మూడుసార్లు గుమ్మంలోంచే పంపేసింది. చివరికి వాడే ఆమెతో మాట్లాడాడు. ఏమన్నాడో నాకింకా చెప్పలేదు.

జూన్‌లో సర్కారు బడిలో ఏడో తరగతిలో కూర్చున్నాడు. మొదటి నెలలోనే ఎనిమిది రోజులు డుమ్మా. మళ్ళీ ఇంటికి పోయాం, మళ్ళీ వచ్చాడు. పగలు పనికి పోయేవాళ్ళు మా టీములో ఇంకా ఇద్దరున్నారు.

ఓనరు ఇప్పుడు నమస్తే పెట్టడం లేదు. బండి పంక్చరైతే హన్మకొండ చౌరస్తా దాకా తోసుకుపోతున్నా.