పరకలకు అందే కబురు

అక్టోబర్ 9, జూలూరుపాడు

చెరువు ఒడ్డున ఒకాయన పరకలను రాయి మీద రుద్ది పొలుసు తీస్తున్నాడు. చేతులు నీళ్లలో జాడించగానే దగ్గర్లో మేస్తున్న పరక పిల్లలన్నీ గుంపుగా ముడుచుకుని అడుక్కు దిగిపోయాయి. నీడ పడలేదు, వేరే అలికిడి లేదు. “నెత్తురు వాసన సారూ, ఇగ ఈ పక్కకు రావు” అన్నాడు.

అక్టోబర్ 10

వాసన మాట నిజమే. కాకపోతే అది నెత్తురుది కాదు, చిరిగిన చర్మానిది. 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఈ సంగతి ముందుగా రాశాడు. తేనెటీగల నాట్యాన్ని విప్పి చెప్పి 1973లో నోబెల్ అందుకున్నదీ ఆయనే. దెబ్బ తగిలిన మిన్నో చేపను గుంపులో వదిలితే తక్కినవి బెదిరిపోయాయి. ఈ చేపల చర్మం పై పొరలో గద ఆకారపు కణాలుంటాయి. వాటికి బయటికి దారి లేదు. పన్ను దిగితేనే లోపలిది నీళ్లలో కలుస్తుంది. పరక, బొచ్చె, రవ్వ, జెల్ల అన్నీ ఆ వంశానివే. 2012లో సింగపూర్‌లో సురేశ్ జేసుదాసన్ బృందం జీబ్రా చేపల మీద పనిచేసి, ఆ పదార్థంలో కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసు ముక్కలున్నాయని తేల్చింది.

నన్ను వదలని ప్రశ్న వేరే ఉంది. నోట పడ్డ చేపకు దీంతో ఏం లాభం? పక్కవాటిని బతికించడానికే ఆ కణాలు పుట్టాయంటే నేను నమ్మలేను. క్రిముల నుంచి, పరాన్నజీవుల నుంచి చర్మాన్ని కాయడమే వాటి అసలు పని అని కొందరు శాస్త్రజ్ఞులంటారు. ఆ వాసనను పసిగట్టి తప్పుకున్న చేపలు బతికి బట్టకట్టాయి. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

అక్టోబర్ 13

ఎన్నడూ ఎరగని వేటచేప వాసన ఈ చర్మపు వాసనతో కలిసి ఒక్కసారి తగిలితే చాలు, మిన్నోలు దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటాయి. మిన్నోలకు ఆ వేటచేప పైక్. మన చెరువులో కొర్రమీను.

అక్టోబర్ 21

మిర్చికి కాపర్ మందు కొట్టి, పంపులు తెచ్చి చెరువులోనే కడుగుతున్నారు. చూస్తే కడుపు రగిలింది. లీటరు నీటిలో 2 మైక్రోగ్రాముల రాగి 3 గంటలు తగిలితే చాలు, సాల్మన్ పిల్లల ముక్కు మొద్దుబారి ఈ హెచ్చరికకు సరిగా బెదరవని 2007లో అమెరికాలో తేలింది. అడుగున మిగిలిన మందునీళ్లలో ఒక్క గ్రాము రాగి ఉన్నా, 5 లక్షల లీటర్ల నీటిని ఆ మోతాదుకు తెస్తుంది. చేప చచ్చి తేలదు కాబట్టి ఎవరికీ నష్టం కనబడదు.

రేపు చేలల్లో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పాలి: అన్నా, పంపు చేనులోనే కడుగు, ఆ నీళ్లు అక్కడే పారబొయ్యి. చెరువు దాకా తేవద్దు.