నాలుగు మాటలు చెప్పడమా, నాలుగు మాటలు వినడమా?

‘యువజన కార్యకర్త’ అనే మాట వినగానే మన ప్రాంతంలో ఎవరికైనా ఏదో ఒక పార్టీ జెండా, మోటారు సైకిళ్ల ఊరేగింపు, కూడలిలో నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీ గుర్తుకు వస్తాయి. ఐరోపా దేశాలలో ఈ మాటకు అర్థం వేరు. బడి గంట మోగిన తర్వాత, ఇంటి తలుపు మూసుకోకముందు ఉండే ఆ మధ్య సమయంలో యువకులకు తోడుగా నిలిచే వ్యక్తిని అక్కడ యువజన కార్యకర్త అంటారు. అతడు ఉపాధ్యాయుడు కాడు, పోలీసు కాడు, తల్లిదండ్రుల తరఫున వచ్చిన దూత అంతకన్నా కాడు. బ్రిటన్ వంటి దేశాలలో ఇది డిగ్రీ చదివి చేపట్టే వృత్తి. ఐరోపా కౌన్సిల్ యువజన కార్యక్రమాల కోసం 1972లో స్ట్రాస్‌బర్గ్ నగరంలోను, 1995లో బుడాపెస్ట్‌లోను ప్రత్యేకంగా యువజన కేంద్రాలనే నెలకొల్పింది.

ఇటువంటి కార్యకర్తల కోసం ఇస్తాంబుల్‌లో జరిగిన ఎనిమిది రోజుల అంతర్జాతీయ శిక్షణ శిబిరంలో పాల్గొనే అవకాశం అల్లాహ్ అనుగ్రహం వల్ల నాకు లభించింది. నా పూర్వ విద్యార్థి ఒకరు జర్మనీలో ఉద్యోగం చేస్తూ, అక్కడి మస్జిద్‌లో పిల్లల కార్యక్రమాలు చూస్తున్నారు. ఆయనే నిర్వాహకులకు నా పేరు సూచించారు. దర్సె నిజామీ చదివి, పల్నాడులోని ఒక పట్టణంలో 28 సంవత్సరాలుగా పిల్లలకు అరబీ వ్యాకరణం, ఫిఖహ్ బోధిస్తున్నవాణ్ణి నేను. “ఈ వయసులో మీరు విద్యార్థిగా వెళ్తారా?” అని నా శ్రీమతి నవ్వింది. విద్యార్జనకు వయసు అడ్డు కాదని మన పెద్దలు అనేవారు కదా అని నేనూ నవ్వి, ప్రయాణమయ్యాను.

శిబిరంలో మేము మొత్తం 24 మందిమి. బోస్నియా, జర్మనీ, మొరాకో, కెన్యా, మలేసియా, టర్కీ మొదలైన దేశాల నుండి వచ్చారు. అందరూ ముస్లింలు కారు. 54 ఏళ్ల నేనే అందరికన్నా పెద్దవాణ్ణి. ఆంగ్లంలో జరిగే చర్చను మొరాకో సోదరుడొకరు నా చెవిలో అరబీలోకి మార్చి చెప్పేవారు.

గదిలోకి అడుగు పెట్టగానే నేను గమనించింది ఉస్తాద్ కూర్చునే ఆసనం లేకపోవడం. కుర్చీలన్నీ వలయాకారంలో వేసి ఉన్నాయి. గోడ మీద దినచర్య రాసి అంటించారు. జొహర్, అస్ర్ నమాజుల సమయాలు కూడా అందులో ముందే చేర్చి ఉండటం నన్ను ఆనందపరచింది. మొదటి రోజున మా మధ్య ఉండవలసిన మర్యాదల గురించి అందరం కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాము. పర స్త్రీలతో కరచాలనం చేయనని, గుండె మీద చేయి ఉంచి అభివాదం చేస్తానని నేను చెప్పాను. ఎవరూ నొచ్చుకోలేదు, ఎవరూ వాదించలేదు. అదీ ఆ కాగితం మీదికి ఎక్కింది. మన నియమాన్ని మృదువుగా, ముందుగా తెలియజేస్తే గౌరవించేవారు లోకంలో చాలామంది ఉన్నారు.

అక్కడి బోధనా పద్ధతిని మన దేశంలో ‘అనియత విద్య’ అంటారు. మొదట ఒక పని చేయిస్తారు. తర్వాత దాని మీద ఆలోచింపజేస్తారు. అందులో నుండి ఒక సూత్రాన్ని తీయిస్తారు. చివరకు దానిని జీవితంలో ఎక్కడ అమలు చేస్తావని అడుగుతారు. డేవిడ్ కోల్బ్ అనే అమెరికన్ విద్యావేత్త 1984లో వెలువరించిన గ్రంథంలో ఈ నాలుగు మెట్లనూ వివరించారట. వింటున్నంతసేపూ నాకు హదీసు పాఠాలే మెదిలాయి. జిబ్రీల్ (అ) అపరిచితుని రూపంలో వచ్చి, ప్రశ్నలడిగి, సమాధానాల ద్వారా సహాబాలకు ధర్మాన్ని నేర్పిన సంఘటన మనకు తెలిసిందే. ఆశకు, మృత్యువుకు ఉన్న సంబంధాన్ని దైవప్రవక్త (స) నేల మీద చతురస్రం, గీతలు గీసి చూపించారని బుఖారీలో ఉంది.

నాలుగవ రోజున చేయించిన ఒక అభ్యాసాన్ని మాత్రం వివరంగా చెప్పాలి. ఐరోపా కౌన్సిల్ 2002లో ప్రచురించిన ‘కంపాస్’ అనే మానవ హక్కుల విద్యా కరదీపికలో ఇది ఉంది. అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి తలా ఒక చీటీ ఇస్తారు. అందులో ఉన్న మనిషి నువ్వేనని భావించుకోవాలి. శిక్షకురాలు ఒక్కొక్క వాక్యం చదువుతుంది. అది నీ విషయంలో నిజమైతే ఒక అడుగు ముందుకు వేయాలి, కాకపోతే ఉన్నచోటనే ఉండాలి.

నా చీటీలో ఉన్నది పదిహేడేళ్ల కుర్రవాడు. తండ్రి లేడు. చదువు మధ్యలో మాని వాహనాలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాడు. శిక్షకురాలు చదవసాగింది. కష్టం వస్తే సలహా అడిగేందుకు నీకొక మనిషి ఉన్నాడా? రాబోయే ఐదేళ్ల గురించి ధైర్యంగా ఆలోచించగలవా? నీ అభిప్రాయాన్ని పెద్దలు పట్టించుకుంటారా? ఆమె చదవడం ముగించేసరికి నేను మూడే అడుగులు వేశాను. బ్యాంకు అధికారి కుమార్తె చీటీ అందుకున్న సోదరి ఎదుటి గోడ వరకు వెళ్లిపోయింది. నాకు కనిపిస్తున్నవన్నీ ముందున్నవారి వీపులే.

అప్పుడు శిక్షకురాలు ముందున్నవారిని, వెనుక కొందరు ఆగిపోయారని మీకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. వారిలో ఎక్కువమంది, ఆట ముగిసి వెనక్కు తిరిగి చూసినప్పుడే తెలిసిందన్నారు. ఆ గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు.

నాకు మా పట్టణంలోని ఒక తల్లి గుర్తుకు వచ్చింది. భర్త చనిపోయాడు. కొడుకు మా మద్రసాలోనే ఏడు పారాలు కంఠస్థం చేసి, ఇంటి అవసరాల వల్ల చదువు మాని మెకానిక్ షెడ్డులో చేరాడు. చేతికి ఫోను వచ్చింది. ఫోనుతో క్రికెట్ పందేలు వచ్చాయి. పందేలతో అప్పు వచ్చింది. ఆమె చెవి కమ్మలు అమ్ముడుపోయాయి. నేను బయలుదేరడానికి ముందు ఆమె వచ్చి, “మౌల్వీ సాబ్, మావాడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు. మీరైనా పిలిచి నాలుగు మాటలు చెప్పండి” అని బతిమాలింది.

నాలుగు మాటలు చెప్పేవారు ఆ పిల్లవానికి తక్కువేమీ లేరు. మేనమామ చెప్పాడు, షెడ్డు యజమాని చెప్పాడు, జుమా ఖుత్బా ప్రతివారం చెబుతూనే ఉంది. అతనికి లేనిది, తన నాలుగు మాటలు వినే మనిషి. ఆ ఎనిమిది రోజుల శిక్షణ సారమంతా నాకు ఈ ఒక్క భేదంలోనే దొరికింది.

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన కొత్త విద్య కాదు. మాలిక్ బిన్ హువైరిస్ (ర) ఉల్లేఖనాన్ని గమనించండి. దాదాపు ఒకే వయసు గల యువకుల బృందం ఒకటి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇరవై రాత్రులు గడిపింది. నేటి భాషలో చెప్పాలంటే అది ఒక యువజన శిక్షణ శిబిరమే. ఆయన (స) ఎంతో దయామయులుగా, మృదు స్వభావులుగా ఉండేవారని మాలిక్ (ర) గుర్తు చేసుకున్నారు. ఆ కుర్రవాళ్లకు ఇంటి మీద బెంగ పుట్టిందని వారు నోరు విప్పకముందే ఆయన (స) గ్రహించారు. ఇంటి దగ్గర ఎవరెవరిని వదలి వచ్చారో అడిగి తెలుసుకున్నారు. తర్వాత వారిని తమ వారి వద్దకు తిరిగి పంపుతూ, నేర్చుకున్నది వారికి నేర్పమని, తాను నమాజ్ చేయగా చూసిన విధంగానే నమాజ్ చేయమని ఉపదేశించారు. ఈ వరుసక్రమాన్ని చూడండి. ముందు గ్రహించడం, పిమ్మట అడగడం, వినడం. ఉపదేశం ఆ తర్వాత.

మరొక యువకుడు వ్యభిచారానికి అనుమతి కోరుతూ వచ్చిన సంఘటన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అక్కడున్నవారు అతణ్ణి గద్దించారు. ప్రవక్త (స) మాత్రం దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, నీ కుమార్తె విషయంలో, నీ సోదరి విషయంలో ఇటువంటిదాన్ని ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగారు. లేదని ప్రతిసారీ అతని నోటితో అతనే అన్నాడు. చివరకు అతని మీద చేయి ఉంచి దుఆ చేశారు. పాపాన్ని ఆయన రవ్వంత కూడా తేలిక చేయలేదు. పాపం అడగడానికి వచ్చినవాణ్ణి దూరం చేయనూ లేదు. ఇరవై యేళ్లకు అటూ ఇటూగా ఉన్న ఉసామా బిన్ జైద్ (ర)కు సైన్యాధిపత్యం అప్పగించినదీ ఆ కారుణ్యమూర్తే.

ఇస్తాంబుల్‌లో ఒక సాయంత్రం భోజనాల దగ్గర అనటోలియా ‘అఖీ’ సంఘాల ప్రస్తావన వచ్చింది. 14వ శతాబ్దంలో ఆ ప్రాంతంలో సంచరించిన ఇబ్నె బతూతా తన యాత్రా గ్రంథంలో వీరిని మనసారా పొగిడారు. అంతాలియా పట్టణంలో చిరిగిన బట్టలతో ఉన్న ఒక మనిషి ఆయనను, ఆయన సహచరులను విందుకు పిలిచాడట. ఈ పేదవాడిని ఇబ్బంది పెట్టడమెందుకని యాత్రికుడు సంకోచించాడు. తీరా చూస్తే అతడు చెప్పులు కుట్టేవాడే గాని, వేర్వేరు వృత్తుల వారు సుమారు 200 మంది ఎన్నుకున్న నాయకుడు. ఆ యువకులు పగలంతా పనిచేసి, అస్ర్ తర్వాత తమ సంపాదన తెచ్చి ఒకచోట చేర్చేవారు. దానితో వంట చేసి బాటసారులకు ఆతిథ్యమిచ్చి, తామూ కలిసి భుజించేవారు. తెల్లవారితే మళ్లీ ఎవరి పనికి వారు. మా ఊరి మెకానిక్ షెడ్లు, వెల్డింగ్ దుకాణాలు, పరుపులు కుట్టే కొట్లలోని కుర్రవాళ్లే నా కళ్లముందు మెదిలారు. వారికి పని ఉంది. పని ముగిసిన తర్వాత కలిసి కూర్చునే దస్తర్‌ఖాన్ లేదు.

శిబిరంలో చూసినదంతా తలకెత్తుకోవాలని నా ఉద్దేశం కాదు. రాత్రిపూట సంగీత నృత్యాలకు నేను, మలేసియా సోదరులు దూరంగా ఉన్నాము. ప్రతి విషయాన్నీ యువకుల ఇష్టానికే వదిలేయాలనే కొందరి వాదనతోనూ ఏకీభవించలేదు. హలాల్, హరామ్ ఓట్లతో తేలేవి కావు. అయితే హరామ్‌ను హరామ్ అని చెప్పే హక్కు, ఆ పిల్లవాడి గోడు విన్నవాని నోటికే ఎక్కువగా ఉంటుంది.

తిరిగి వచ్చాక మస్జిద్‌లో వారానికి ఒక గంట యువకుల కోసం కేటాయించాలని ప్రతిపాదించాను. మస్జిద్ కబుర్ల చోటు కాదని కొందరు పెద్దలు అభ్యంతరం చెప్పారు. వారి భయంలోనూ న్యాయముంది. అందుచేత మద్రసా వరండాలో, ఆదివారం మగ్రిబ్ నుండి ఇషా వరకు సమావేశం పెట్టాము. చాపల మీద వలయంగా కూర్చుంటాము. చాయ్, సమోసా ఉంటాయి. ఈ వారం నీకు కష్టమైనదేమిటి, సంతోషపెట్టినదేమిటి, తెలుసుకోవాలనుకుంటున్నదేమిటి అని మూడే ప్రశ్నలు. చివరి పది నిమిషాలలో మాత్రమే నేను మాట్లాడతాను. మొదటి వారం 11 మంది వచ్చారు, మూడవ వారానికి ఐదుగురే మిగిలారు. ఇప్పుడు 14, 15 మంది వస్తున్నారు. ఆడపిల్లల కోసం మా ఇంట్లో నా శ్రీమతి, మద్రసా ఆపాజాన్ ఇదే విధంగా శనివారం కూర్చుంటున్నారు.

ఆ తల్లి కొడుకు మూడు వారాలు గడప దగ్గర మౌనంగా కూర్చున్నాడు. నాలుగవ వారం, పందెంలో గెలిచిన డబ్బుతో తల్లి అప్పు తీరిస్తే అదీ హరామేనా అని అడిగాడు. అది ఫత్వా కోసం వేసిన ప్రశ్న కాదని అందరికీ అర్థమైంది. ఎవరూ నవ్వలేదు. ఎంత అప్పు ఉంది, ఎవరికి ఇవ్వాలి అని అడిగాను. 38 వేలు అన్నాడు. తల దించుకునే లెక్కంతా చెప్పాడు. జూదపు సొమ్ము హరామేనని, అప్పు తీర్చడానికి హలాల్ దారి కలిసి వెతుకుదామని అప్పుడు చెప్పాను. వెల్డింగ్ దుకాణం నడిపే ఒక పెద్దమనిషి సాయంత్రం పూట పని ఇచ్చి, అప్పిచ్చినవారితో మాట్లాడి వాయిదాలు కుదిర్చారు. క్రికెట్ పోటీల కాలంలో ఆ కుర్రవాడు మళ్లీ ఒకసారి పందెం కాశాడు. కానీ మరుసటి ఆదివారం తానే వచ్చి ఆ సంగతి చెప్పాడు. కథ ముగియలేదు. చెప్పుకునే చోటు ఒకటి ఏర్పడింది, అంతే. తౌబా ద్వారం వైపు నడిచేవానికి ఆ చోటు చిన్నదేమీ కాదు.

మన దేశపు 2014 నాటి జాతీయ యువజన విధానం 15 నుండి 29 సంవత్సరాల వారిని యువతగా పరిగణించింది. మా పట్టణంలో నేను చూసినంత వరకు, పిల్లలు మక్తబ్‌కు దూరమయ్యేదీ, బజారుకు దగ్గరయ్యేదీ ఆ వయసు తొలి మెట్టు మీదనే. వారిని నిలుపుకోవడానికి ఇస్తాంబుల్ వెళ్లనక్కరలేదు. మస్జిద్ కమిటీలు ఒక చాప, ఒక గంట సమయం కేటాయించగలవు. సొంత దుకాణం ఉన్నవారు ఒక కుర్రవానికి పనితోపాటు పెద్దరికమూ ఇవ్వగలరు. తల్లిదండ్రులు రాత్రి దస్తర్‌ఖాన్ వద్ద ఫోన్లు పక్కన పెట్టి, ఈ రోజు ఎలా గడిచిందని అడిగి, జవాబు పూర్తయ్యే వరకు మధ్యలో హితబోధ చేయకుండా ఉండగలరు. ఈ చివరిది చూడటానికి అన్నిటికన్నా సులభం, చేయడానికి అన్నిటికన్నా కష్టం.

మన పిల్లల మౌనాన్ని సైతం గ్రహించగల హృదయాలను, వారి మాటను ఓపికగా వినగల చెవులను, ఆ పిమ్మట సత్యాన్ని మృదువుగా పలుకగల నాలుకలను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.